డబ్బు లేకుండా విత్తనం, కూలి మార్పిడి: అగోరిజం ఊళ్లో ఎంతవరకు నడుస్తుంది?

మెట్టసేద్యం: అగోరిజం చదివినవాళ్లకు ఒక ప్రశ్న. సర్కారు చెయ్యి పడని లావాదేవీలు పెంచుకుంటూ పోవాలన్నదే ఆ సిద్ధాంతం, దాన్ని చెప్పినవాడు శామ్యూల్ కాంకిన్. పదిహేను ఇళ్లు కలిసి వరి, కంది, వేరుశనగ విత్తనం, నాట్ల కూలి రూపాయి లేకుండా మార్చుకోవాలంటే చట్టం ఎక్కడ అడ్డొస్తుంది? లెక్క దేంతో కొలవాలి? కలుపుమందు తట్టుకునే బీటీ-3 పత్తి లూజు విత్తనం కూడా ఈ కోవలోకే వస్తుందా?

పాతసంత: ముందు చట్టం సంగతి. 1966 విత్తన చట్టం 24వ సెక్షన్ చూడండి. తాను పండించిన విత్తనాన్ని తన చోటే, విత్తుకునేవాడికి నేరుగా ఇస్తే ఆ చట్టం వర్తించదు. సంతకు మోసుకెళ్లినా, మధ్యలో ఇంకొకడు కొని అమ్మినా ఆ మినహాయింపు పోతుంది. రెండోది 2001 మొక్కల రకాల పరిరక్షణ చట్టం, సెక్షన్ 39. ఆ చట్టం కింద ఒకరి పేరున రిజిస్టరై రక్షణ ఉన్న రకమైనా సరే రైతు దాచుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్మవచ్చు. ఆ రకం పేరుతో లేబుల్ వేసి ప్యాకెట్ కట్టకూడదు, అంతే. 2019లో తన రకం పండించారని గుజరాత్ బంగాళాదుంప రైతుల మీద పెప్సీకో కేసులు వేసినప్పుడు రైతుల పక్షాన అందరూ చూపించింది ఈ సెక్షన్నే. ఆ కేసులు కంపెనీ వెనక్కి తీసుకుంది.

డబ్బు చేతులు మారలేదు కాబట్టి జీఎస్టీ లేదనుకోవద్దు. వస్తుమార్పిడి కూడా అందులో సరఫరా కిందే లెక్క. సొంత పంట ఇచ్చే రైతుకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు గానీ, గుంపులో నూనె మిల్లువాడో ట్రాక్టర్ షెడ్డువాడో ఉంటే ఆయన లెక్క వేరు.

ఈ లెక్కన మీరు చేసేది కాంకిన్ చెప్పిన నల్ల బజారూ (నిషేధమున్న సరుకు) కాదు, బూడిద బజారూ (సరుకు మామూలుదే, అమ్మకం సర్కారుకు తెలియకుండా) కాదు. చట్టం ఒప్పుకునే తెల్లదే. అగోరిస్టులు పెదవి విరిస్తే విరవనివ్వండి.

కళ్లంగట్టు: కొలత కిలో కాదండీ, మొలక. వంద గింజలు లెక్కపెట్టి, తడి గోనెపట్టాలో వరసగా పేర్చి, చుట్టి, నీడలో పెట్టండి. పట్టా ఆరనివ్వకూడదు, నీళ్లు కారనూ కూడదు. వరి ఏడో రోజు లెక్కించండి. 90 మొలిస్తే పది కిలోల్లో బతికిన విత్తనం 9 కిలోలు, 60 మొలిస్తే ఆరే. కాబట్టి 90 మొలక ఉన్న పది కిలోలు తీసుకున్నవాడు 60 మొలకది తిరిగిస్తే 15 కిలోలు కొలవాలి. లెక్క తెలియడానికి 60 అన్నాను గానీ, అసలు 70కి దిగువది ఒప్పుకోవద్దంటాను. అది మొలిచినా నారు బలంగా రాదు.

జనం తరచూ పొరబడేది ఇక్కడే: కొత్తగా కోసిన వడ్లు కొన్ని రకాల్లో రెండు మూడు వారాలు నిద్రావస్థలో ఉంటాయి. అప్పుడు పరీక్షించి విత్తనం చచ్చిందని గొడవ పడతారు. నెల ఆగి చూడండి. తేమ 13 శాతం దాటకూడదు. మిషను లేకపోతే పంటి కింద పెట్టండి, గింజ కటుక్కుమనాలి. మెత్తగా నలిగితే ఇంకో రెండు ఎండలు పడాలి.

వేరుశనగను కాయల రూపంలోనే దాచాలి, విత్తే ముందే ఒలవాలి. పప్పు పైపొర గీరుకుపోతే మొలకకు దెబ్బ. కందికి పుచ్చు పట్టకుండా కిలోకు 5 మిల్లీలీటర్ల నూనె పట్టించండి. అసలు చిక్కు వేరే ఉంది: తేనెటీగలు కందిని సంకరం చేస్తాయి. పక్క చేలో వేరే రకం ఉంటే రెండు వందల మీటర్ల ఎడం లేనిది విత్తనానికి పనికిరాదు. హైబ్రిడ్ గింజలు మార్పిడికే పెట్టొద్దు, మరుసటి పంటలో మొక్కకో తీరు.

వడ్డీ విషయానికొస్తే, పాత నాగు పద్ధతిలో, అంటే గింజలు అప్పిచ్చి గింజలే వడ్డీగా తీసుకునే పద్ధతిలో, కిలోకు కిలోన్నర పుచ్చుకునేవారు. అంత వద్దు, కిలోకు కిలోంబావు చాలు. ఆ పావు ఉమ్మడి గాదెకు పోవాలి, ఇచ్చినవాడికి కాదు.

పాతసంత: కూలి బదులుకు ఇంకో మాట. నాట్లు అందరికీ ఒకే పది రోజుల్లో పడతాయి. పదెకరాలవాడు ముందే అందరినీ పిలుచుకుంటాడు, ఎకరంవాడికి తిరిగి పిలిచే పనే ఉండదు. బాకీ ఒకవైపే పేరుకుపోతుంది. ఒక్కో ఇంటికి ఆరు రోజుల బాకీ హద్దు పెట్టి, దాటితే వడ్లు కొలిచి తీర్చేయాలి. ట్రాక్టర్‌కు డీజిల్ మాత్రం నగదే. దాన్ని రోజుల్లోకి మార్చబోతే తగవు తప్పదు.

కళ్లంగట్టు: బీటీ-3 అడిగారు. కలుపుమందు తట్టుకునే ఆ పత్తికి అనుమతి లేదు. కాంకిన్ లెక్కలో అచ్చమైన నల్ల బజారు. నకిలీ విత్తనాలు అమ్మేవాళ్ల మీద తెలంగాణలో పీడీ యాక్ట్ (విచారణకు ముందే నిర్బంధించే చట్టం) కూడా పెట్టారు. చట్టాన్ని పక్కన పెట్టినా బేరంగా చూస్తే అది చెత్త బేరం. బిల్లు లేదు, మొలవకపోతే పరిహారం అడిగే దారి లేదు, అమ్మినవాడు మళ్లీ కనపడడు. మీ పదిహేను ఇళ్లలో అయితే ఎవరిచ్చారో తెలుస్తుంది.

మెట్టసేద్యం: ఇచ్చింది మంచిదే, విత్తినవాడే పాడు చేశాడని వాదన వస్తే?

కళ్లంగట్టు: ఇచ్చేటప్పుడే అదే సంచిలోంచి పావుకిలో తీసి, గుడ్డసంచిలో మూట కట్టి, ఇద్దరి సంతకాలతో చీటీ పెట్టి మూడో ఇంట్లో దాచండి. తగాదా వస్తే అందులోంచి వంద గింజలు తీసి మళ్లీ పట్టాలో చుట్టండి.