హిల్స్‌బరో నాటి బ్రిటన్ పత్రికలు ఎక్కడ చూడొచ్చు?

తెలిసినవాళ్లు కాస్త సాయం చేయండి. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో జనం మధ్య నలిగి, కాలక్రమంలో మొత్తం 97 మంది లివర్‌పూల్ ఫుట్‌బాల్ జట్టు అభిమానులు చనిపోయారు. బయటి గేటు తెరవమని ఆదేశించింది బందోబస్తు బాధ్యత చూస్తున్న పోలీసు అధికారే. కానీ అభిమానులే గేటు తోసుకుని వచ్చారని ఆయన ఫుట్‌బాల్ సంఘానికి చెప్పాడు. ఆ మాట అదే రోజు వార్తలకెక్కింది. ఏప్రిల్ 19న 'ద సన్' పత్రిక మొదటి పేజీలో 'నిజం' అని పెద్ద అక్షరాలతో శీర్షిక పెట్టి, అభిమానులు బాధితుల జేబులు కొట్టేశారని రాసింది. బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు ఆ పేజీ చూసి ఎంత కుమిలిపోయి ఉంటారో! 164 పోలీసు వాంగ్మూలాలను మార్చేశారని ఈ దుర్ఘటన పత్రాలను పరిశీలించిన స్వతంత్ర ప్యానెల్ 2012లో బయటపెట్టింది.

నా సందేహం ఇదీ: పోలీసుల నియంత్రణ లోపమే ప్రధాన కారణమని విచారణ జరిపిన న్యాయమూర్తి టేలర్ మధ్యంతర నివేదిక 1989 ఆగస్టులోనే చెప్పింది కదా, మరి మిగతా పత్రికలు తమ పాత కథనాలను సరిదిద్దాయా? దిద్దితే ఏ పేజీలో, ఎంత చోటిచ్చి? పోలీసులు చెప్పిందే నిజమని నమ్మి రాసినవాళ్లు తర్వాత ఏమన్నారో నా కళ్లతో చూడాలనుంది. ఇండియా నుంచి ఆ పేజీల స్కాన్‌లు చూసే వీలుందా? లండన్‌లో ఉన్న మనవాళ్లెవరైనా బ్రిటిష్ లైబ్రరీలో ఇలాంటివి వెతికి ఉంటే, ఎలా అడగాలో చెప్పగలరా?