కోనసీమలో ఫ్రీ డిష్‌కి క్వాలిటీ రావట్లేదు. అదే బాక్సు కువైట్‌లో పనిచేస్తుందా?

కాలవగట్టు77:
అమలాపురం దగ్గర పల్లెటూరండి. డాబా మీద పాత యాంటీనాకి దూరదర్శన్ రావడం ఎప్పుడో మానేసింది. నాన్నగారికి డీడీ సప్తగిరి ఒక్కటి వస్తే చాలు, నెలనెలా రీచార్జి వద్దంటున్నారు. 60 సెంటీమీటర్ల గొడుగు (డిష్), ఎల్‌ఎన్‌బీ (గొడుగు ముందుండి సిగ్నల్ పట్టే ముక్క), దూరదర్శన్ వాళ్ల నెల డబ్బుల్లేని ఫ్రీ డిష్ బాక్సు కొన్నాం. స్ట్రెంగ్త్ 80 దాకా పోతోంది, క్వాలిటీ మాత్రం సున్నా దగ్గరే ఆగింది. ఇంటికి ఆగ్నేయాన కొబ్బరితోట ఉంది, అడ్డమా? ఇంకో సంగతి, అన్నయ్య కువైట్‌లో ఉన్నాడు. ఇలాంటి బాక్సే ఇంకోటి పంపితే అక్కడా ఫ్రీగా వస్తాయా?

లంకల్లో డిష్:
ముందు ఆ స్ట్రెంగ్త్ గీతని నమ్మడం మానేయండి. ఎల్‌ఎన్‌బీకి కరెంటు అందుతోంది, కేబుల్ తెగలేదు అని చెప్పడానికి తప్ప అది దేనికీ పనికిరాదు. గొడుగుని గోడవైపు తిప్పినా చాలా బాక్సులు అంతే చూపిస్తాయి. క్వాలిటీ సున్నా అంటే గొడుగు వేరే ఉపగ్రహం వైపైనా ఉండాలి, ఖాళీ ఆకాశం వైపైనా ఉండాలి.

ఫ్రీ డిష్ జీశాట్-15 మీద ఉంది, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. అమలాపురం నుంచి లెక్కేస్తే దిక్సూచిలో 144-145 డిగ్రీలు, ఎత్తు 66 డిగ్రీలు. భీమవరం వాళ్లకి దిక్కు ఒక డిగ్రీ తగ్గుతుందంతే. సరైన ఆగ్నేయ మూల 135. చాలామంది ఆ మూలకి పెట్టేసి సిగ్నల్ లేదంటారు. అక్కణ్ణుంచి దక్షిణం వైపు ఇంకో పది డిగ్రీలు జరపాలి. దిక్సూచిని ఇనప గొట్టానికి, పిట్టగోడ ఊచలకి ఆనించి చూడకండి, ముల్లు పక్కకి లాగేస్తుంది.

పక్కింటి గొడుగు చూసి పెట్టుకోవాలంటే సన్ డైరెక్ట్‌ది చూడండి, అదీ 93.5లోనే ఉంది. టాటా ప్లేది చూస్తే దెబ్బతింటారు, అది 83లో, మనకి దాదాపు నేరుగా దక్షిణం. డిష్ టీవీది 95లో, ఒకటిన్నర డిగ్రీ తేడా. స్ట్రెంగ్త్ నిండుగా ఉండి ఫ్రీ డిష్ ఫ్రీక్వెన్సీకి క్వాలిటీ పలకట్లేదంటే మీరు దాని మీద ఆగి ఉండొచ్చు. గొడుగుని వెంట్రుకవాసి దక్షిణానికి జరిపి చూడండి.

మెనూలో ఎల్‌ఎన్‌బీ రకం యూనివర్సల్ (9750/10600), ఫ్రీక్వెన్సీ 11090, వర్టికల్, సింబల్ రేటు 29500 పెట్టండి. గొడుగుని ఎడమ నుంచి కుడికి ఒక్కో డిగ్రీ తిప్పుతూ ప్రతిచోటా మూడు నాలుగు సెకన్లు ఆగాలి. బాక్సు సిగ్నల్ పట్టి గీత చూపించడానికి ఆ మాత్రం టైము తీసుకుంటుంది, ఆగకుండా తిప్పితే ఉపగ్రహం దాటిపోయినా తెలీదు. దొరకకపోతే ఎత్తు ఒక డిగ్రీ మార్చి మళ్లీ మొదలెట్టండి.

క్వాలిటీ కాస్త వచ్చాక ఎల్‌ఎన్‌బీ పని పట్టండి. ఆకాశానికి వీపుపెట్టి గొడుగుకి ఎదురుగా నిలబడితే, కేబుల్ తగిలించే మొన గడియారంలో 6 దగ్గర కాకుండా 7 దగ్గరికి రావాలి. మన లెక్కకి 34 డిగ్రీల వంపు. దీన్ని నిటారుగా వదిలేసిన గొడుగులు ఎండపూట బాగానే పలుకుతాయి, మబ్బుపడితే చతికిలబడతాయి.

ఉప్పుగాలి:
కొబ్బరితోట గురించి అంత బెంగ అక్కర్లేదండి, 66 డిగ్రీలంటే చూపు బాగా పైకి పోతుంది. గొడుగు కన్నా చెట్టు తల ఎన్ని అడుగులు ఎత్తుందో చూసి 2.3తో భాగించండి. 40 అడుగులు ఎత్తుంటే 17-18 అడుగుల దూరం చాలు. కాకపోతే ఆ దూరం మొదలు నుంచి కాదు, మట్టల చివర నుంచి. బొమ్మ గాలివేసినప్పుడే గళ్లుగళ్లుగా విరిగి, గాలి ఆగితే బాగుపడుతుంటే అది మట్టల పనే.

పైన చెప్పినవాటికి ఒకటి కలుపుతాను. 60 సెంటీమీటర్ల గొడుగు మామూలు రోజుల్లో సరిపోతుంది గానీ, మన వైపు వాయుగుండం పట్టినప్పుడు సరిపోదు. ఫ్రీ డిష్ వచ్చే కేయూ బ్యాండ్ (ఒక ఫ్రీక్వెన్సీల వరస) సిగ్నల్‌ని వానచినుకులు మింగేస్తాయి. మళ్లీ కొనేదుంటే 75 గానీ 90 గానీ తీసుకోండి. 90దానికి గాలి ఎక్కువ తగులుతుంది కాబట్టి గొట్టం లావుది వేయాలి, గోడకి మూడుచోట్ల బిగించాలి. ఎంత పెద్దదైనా కుండపోతలో పోతుంది. తుఫాను కబురు వినాల్సింది సరిగ్గా ఆ టైములోనే కాబట్టి, బ్యాటరీ రేడియోలో విజయవాడ ఆకాశవాణి 837 కిలోహెర్ట్జ్ పెట్టి ఉంచుకోండి.

సముద్రం దగ్గరైతే ముందు పోయేది గొడుగు కాదు, ఎల్‌ఎన్‌బీ దగ్గరి కనెక్టరు. ఉప్పుతేమ లోపలికి దిగి రాగితీగ పచ్చగా అవుతుంది. మామూలు నల్లటేపు ఎండకి ఊడిపోతుంది, సాగదీసి చుడితే తనలో తానే అతుక్కునే రబ్బరు టేపు వాడండి. కేబుల్ ఆర్‌జీ-6 ఉండాలి. ఇంట్లోకి వెళ్లే కన్నం ముందు కేబుల్‌ని ఒక వంపు కిందకి వేలాడదీస్తే వాననీళ్లు అక్కడే కారిపోతాయి.

తుఫాను హెచ్చరిక వస్తే గొడుగు దింపేయండి. దింపేముందు గొట్టం మీద, బ్రాకెట్ మీద కలిపి పెయింటుతో ఒక అడ్డగీత, ఒక నిలువుగీత గీస్తే తర్వాత రెండు గీతలూ కలిపి బిగిస్తే చాలు.

రాజోలు కేబుల్:
గొడుగు ఎక్కించే ముందు మీ కేబులతన్ని అడిగారా? 1995 కేబుల్ చట్టం 8వ సెక్షన్ ప్రకారం నోటిఫై చేసిన దూరదర్శన్ చానెళ్లు వాళ్లు వేయాల్సిందే. అయితే నెల డబ్బులు తప్పవు, అది వేరే సంగతి.

నాన్నగారికి క్రికెట్ ఇష్టమైతే మాత్రం ఫ్రీ డిష్షే నయం. 2007 చట్టం కింద ప్రైవేటు చానెళ్లు ముఖ్యమైన మ్యాచ్‌ల సిగ్నల్ దూరదర్శన్‌ని నడిపే ప్రసార భారతికి ఇవ్వాలి. కానీ ఆ సిగ్నల్ దూరదర్శన్ సొంత టవర్లకీ ఫ్రీ డిష్‌కే పరిమితమని 2017లో సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే కేబుల్లో డీడీ పెట్టినా మ్యాచ్ రాదు. కేబులోణ్ణి తిట్టి లాభం లేదు.

బాక్సు ఎంపెగ్-4 (వీడియోని కుదించే కొత్త పద్ధతి) ది అవునో కాదో చూసుకోండి, పాత ఎంపెగ్-2 బాక్సుకి కొన్ని చానెళ్లు కనబడవు. ప్రైవేటు చానెళ్లకి ఏటా వేలంపాట ఉంటుంది, ఏప్రిల్ 1కి జాబితా మారుతుంది. అప్పుడు ఒకసారి ఆటో స్కాన్ కొట్టకపోతే నంబర్లు తారుమారై చానెల్ పోయిందనుకుంటారు. అందులో చాలావరకు హిందీయే, తెలుగు సీరియళ్లకి ఆశపడకండి.

కాలవగట్టు77:
145కి తిప్పి, ఎల్‌ఎన్‌బీ వంచాక క్వాలిటీ 60 దాటిందండి, సప్తగిరి వచ్చేసింది. మరి కువైట్ సంగతి?

లంకల్లో డిష్:
బాక్సు పంపకండి, దండగ. కువైట్ నుంచి చూస్తే ఆ ఉపగ్రహం ఆకాశంలో 30 డిగ్రీల ఎత్తునే ఉంటుంది గానీ, ఫ్రీ డిష్ కేయూ బీమ్‌ని (ఉపగ్రహం కిందకి పంపే సిగ్నల్‌ని) భారతదేశం మీదకే మలిచారు. మన అండమాన్‌కే అది అందక, అక్కడ సీ బ్యాండ్ అనే వేరే ఫ్రీక్వెన్సీల్లో విడిగా ఇస్తున్నారు. ఇంక గల్ఫ్ ఎక్కడ!

దూరదర్శన్ బయటి దేశాల కోసం నడిపేది డీడీ ఇండియా. 1995లో అంతర్జాతీయ చానెల్‌గా మొదలై, 2019 నుంచి ఇంగ్లీషు వార్తల చానెల్ అయింది. 2022లో ఇంటర్నెట్‌లో చానెళ్లు చూపించే యప్ టీవీతో ఒప్పందం చేసుకున్నారు, గల్ఫ్ కూడా అందులో ఉంది. కానీ మీ అన్నయ్య అడిగేది తెలుగు కదా, దానికి డీడీ ఇండియా పనికిరాదు. సప్తగిరి యూట్యూబ్ చానెల్ చూడమనండి. 2024 నవంబరులో ప్రసార భారతి తెచ్చిన వేవ్స్ యాప్ కూడా ఉంది. క్రికెట్ మాత్రం వీటిలో దొరుకుతుందనుకోవద్దు, ఆ హక్కులు దేశానికో రకం. ఇక్కడ రాత్రి 7 గంటల కార్యక్రమం కువైట్‌లో సాయంత్రం 4.30కే వస్తుంది. అన్నయ్య అప్పటికి డ్యూటీలో ఉంటే లైవ్ కోసం చూడక్కర్లేదు, చానెల్లో పెట్టిన వీడియోలు తర్వాత చూసుకోవచ్చు.