కొట్టడు కాబట్టి కేసు కాదంటున్నారు, బయటికి రావడం ఎట్లా?

అనంతపురం నుంచి ప్రశ్న:
ఒకామె కోసం అడుగుతున్నా. భర్త కొట్టడు. కానీ ఏటీఎం కార్డు ఆయన దగ్గరే, ఫోను రోజూ తిప్పి చూస్తాడు, నలుగురిలో "నీకేం తెలుసే" అంటాడు. పుట్టిల్లు కర్నూలు. పెద్దమనుషులేమో "సర్దుకుపో" అంటున్నారు. ముందు ఏం సిద్ధం చేసుకోవాల? వచ్చినాక మళ్లీ నిలబడేది ఎట్లా?

సీమ_వకీలు:
2005 గృహహింస చట్టం 3వ సెక్షన్ చూపించండి ఆ పెద్దమనుషులకు. మాటలతో అవమానించడం, డబ్బు అందకుండా చేయడం కూడా హింసే. తాత్కాలికంగా ఉంటున్న చోటే పిటిషన్ వేయొచ్చు కాబట్టి, కర్నూలు వచ్చేస్తే మళ్లీ అనంతపురం కోర్టు చుట్టూ తిరిగే పని లేదు. 60 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉంది గానీ అంత వేగం ఆశించొద్దు. అందుకే పిటిషన్‌తో పాటే 23వ సెక్షన్ కింద మధ్యంతర ఉత్తర్వు (కేసు తేలేదాకా నడిచే ఆదేశం) అడగాల: ఖర్చులకు డబ్బు, పిల్లల తాత్కాలిక కస్టడీ. ఆడవాళ్లకు ఆదాయం ఎంతున్నా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. నంబరు 15100.

హంద్రీ_గట్టు:
కోర్టు తర్వాత, ముందు ఫోను సంగతి చూడండి. చాలామంది దొరికిపోయేది అక్కడే. వాట్సాప్‌లో లింక్డ్ డివైజెస్ (ఆమె వాట్సాప్ ఇంకెక్కడ తెరిచుందో చూపేది), గూగుల్ మ్యాప్స్‌లో లొకేషన్ షేరింగ్ (ఆమె ఎక్కడుందో ఎవరికి కనిపిస్తోందో చూపేది) తెరిచి చూడాల. ఏదైనా కనిపించినా అప్పుడే తీసేయొద్దు, ఆయనకు అనుమానం వస్తాది. నమ్మకమైనవాళ్ల ఫోన్లో కొత్త జీమెయిల్ తెరిచి ఆధార్, పిల్లల జనన ధ్రువీకరణ, చదువు సర్టిఫికెట్లు, పెళ్లి ఫోటో, నగల బిల్లులు (కుదువలో ఉంటే ఆ రసీదు) ఫోటోలు తీసి దాచుకోవాల. పాత బ్యాంకు ఖాతాకు ఆయన నంబరుంటే ఓటీపీలు ఆయనకే పోతాయి. తన సిమ్ముతో వేరే ఖాతా తెరవాల, పోస్టాఫీసులో అయితే 500 రూపాయలు చాలు. పాస్‌బుక్ మాత్రం ఇంటికి తేవొద్దు. పిల్లల్ని "తర్వాత పిలిపించుకుంటాం" అని వదిలి రావొద్దు. కోపంలో "పోతున్నా" అని ముందే చెప్పడం అన్నిటికంటే ప్రమాదం, ఎన్నడూ కొట్టనోడు కూడా ఆ పూట చెయ్యెత్తొచ్చు. అప్పుడు పోలీసులకు 112 చేయాల. సలహాకు మహిళా హెల్ప్‌లైన్ 181. ఎక్కడా దిక్కు లేకపోతే సఖి వన్ స్టాప్ సెంటర్లో (హింసకు గురైన ఆడవాళ్లకు సర్కారు నడిపే ఆసరా కేంద్రం) 5 రోజుల దాకా ఉండొచ్చు.

అనంతపురం నుంచి:
ఆయన ఫోన్ చేసి ఏడిస్తే వెనక్కి పోతాదేమో?

కడప_కౌన్సెలర్:
పోవాలనిపిస్తాది, అనుమానం లేదు. తిట్టే మనిషే మధ్యమధ్యలో ప్రేమగా ఉంటాడు, ఆ మంచి రోజు కోసం కాచుకోవడం అలవాటైపోతాది. పైగా దూరం పోయినాక గుర్తొచ్చేవన్నీ ఆ మంచి రోజులే. అందుకే ఇప్పటినుంచే తేదీ వేసి, ఆయన అన్న మాట అన్నట్టే రాసి ఆ కొత్త మెయిల్లో పెట్టమనండి. ఫోను వచ్చిన రోజు ముందు అది చదవాల. (కోర్టులోనూ అక్కరకొస్తాది.) మాట్లాడక తప్పకపోతే పిల్లల విషయం వరకే, అదీ మెసేజ్‌లో.

ఇంక పుట్టింటోళ్లకు ఒక మాట. ఏళ్లపాటు ప్రతిదీ అడిగి చేసినామెకు ఏ కూర వండాలో తేల్చుకోవడం కూడా బరువే. పాపం అని అన్నీ మీరే నిర్ణయించేస్తే భర్త పెత్తనం పోయి అన్న పెత్తనం వచ్చినట్టే. కూరగాయల డబ్బు, పిల్లల బడి, లాయరుతో మాటలు ఆమెకే వదలండి. తప్పు చేస్తే చేయనీండి. కుట్టుపనో, అంగట్లో లెక్కలో, నెలనెలా కొంత తన ఖాతాలో పడాల. డ్వాక్రా సంఘంలో చేరితే పొదుపుతో పాటు నలుగురు మనుషులూ దొరుకుతారు. నిద్ర పట్టకపోయినా, బతకాలనిపించకపోయినా సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళైనా చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.