నల్లరేగడిల పునాది ఎంత లోతు తియ్యాలె? వీడియో ఒకటి చెప్తది, మేస్త్రి ఇంకోటి చెప్తడు

బాసర అవతలోడు:
అన్నలు నమస్తే. మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్ దగ్గర ఊరు. 2 గుంటల జాగల ఇల్లు మొదలువెడుతున్న, ఇప్పటికి ఒక్క ఫ్లోరే. రెండు నెలల నుంచి పడుకునే ముందు వీడియోలే చూస్తున్న, తలకాయ ఖరాబైంది. ఒకాయన సింగిల్ ఫ్లోర్‌కు 4 ఫీట్లు చాలంటడు, ఇంకొకాయన 5 ఫీట్లు తియ్యి, 4 ఇంటు 4 ఫుటింగ్ (పిల్లర్ కింద పోసే కాంక్రీట్ దిమ్మె) వెయ్యి, 12 ఎంఎం రాడ్ వాడు అని లెక్కంతా రాసిచ్చిండు. అది పట్టుకపోయి మేస్త్రికి చూపెడితే ఆయన ఫోన్ దిక్కే చూడలే, "మొరం తగిలేదాక పోదాం, 6 కావచ్చు 9 కావచ్చు" అన్నడు. 9 ఫీట్లంటే నా పైసలన్నీ భూమిలనే పోతయి. కూలి పెంచుకోనీకి అంటుండా? ఇంకా, వీడియోల ఇసుక టన్నుల్ల చెప్తరు, ఇక్కడ డీలరేమో బ్రాస్ అంటడు. తవ్విన మట్టే మళ్ల బేస్‌మెంట్ల పోసుకోవచ్చా, ట్రాక్టర్ కిరాయన్న మిగుల్తది.

చెల్కనేల:
తమ్మీ మాది 5 ఫీట్లే, మూడేండ్లయింది, ఒక్క గీత పడలే. మేస్త్రీలు గట్లనే భయపెడతరు. 5 తీసి మంచి సిమెంట్ వాడు, ఫికర్ చెయ్యకు.

సైట్ల మీద తిరిగినోడు:
అన్నా మీదే ఊరు, నేల ఏంది?

చెల్కనేల:
కరీంనగర్ దిక్కు. ఎర్ర చెల్క.

సైట్ల మీద తిరిగినోడు:
గదే మరి. తమ్మీ, ఎండాకాలం మీ పొలానికి పోయి నెర్రెలల్ల చెయ్యి పెట్టిచూడు, మోచేయి దాక పోతది. వానలు పడంగనే అదే నేల నీళ్లు తాగి ఉబ్బుతది, నెర్రెలు మూసుకుంటయి. దాని మీద ఇల్లు కూసుంటే ఒక మూల లేస్తది ఒక మూల దిగుతది, కిటికీ మూల నుంచి గోడ ఐమూలగా పగులుతది. "సింగిల్ ఫ్లోరే కదా, తక్కువ లోతు చాలు" అనేది వేరే నేలకు నడుస్తదేమో గని రేగడిల ఉల్టా, ఇల్లు ఎంత తేలికైతే మట్టి దాన్ని అంత సులువుగా లేపుతది, మీద బరువు లేదు కదా. మీ మేస్త్రి చెప్పింది కరెక్టే.

నమ్మకం లేకుంటే ఒక పని చెయ్యి, ల్యాబులల్ల చేసేదే. ఎండిన మట్టి దంచి సన్న జల్లెడ పట్టి 10 గ్రాములు ఒక కొలజాడీల, 10 గ్రాములు ఇంకోదాంట్ల వెయ్యి, ఒకదాంట్ల డిస్టిల్డ్ వాటర్, రెండోదాంట్ల కిరోసిన్ పోసి బాగ కలిపి ఒక రోజు ఉంచు. కిరోసిన్ల మట్టి ఉబ్బది. నీళ్లల్లది దానికంటే సగానికి మించి ఎక్కువ పెరిగితే చాలా చెడ్డ నేల అన్నట్టు. ఇంట్ల చేస్తే అందాజే వస్తది, సాయిల్ టెస్ట్ మాత్రం మానకు.

10, 12 ఫీట్లకు కూడా మొరం దొరకకపోతే అండర్‌రీమ్డ్ పైల్స్ వేస్తరు, బోరు అడుగున ఉల్లిగడ్డలెక్క ఉబ్బు చేసి కాంక్రీట్ పోస్తరు. రూర్కీల ఉన్న సీబీఆర్ఐ (కేంద్ర భవన పరిశోధన సంస్థ) వాళ్లు రేగడి కోసమే తెచ్చిన పద్ధతి. పైన వచ్చే బీమ్ మట్టికి ఆనకుండ కింద మూడు అంగుళాలకు పైనే సందు ఉంచుతరు, మట్టి లేస్తే ఆ సందులనే లేవాలె. బ్రాస్ అంటే 100 ఘనపు అడుగులు, ఇసుకైతే నాలుగున్నర టన్నులు అటుఇటు, తడి ఉంటే తూకం మారుతది. అందుకే టన్ను లెక్క పట్టుకొని డీలర్‌తోని కొట్లాడకు.

ప్రాణహిత ఒడ్డు:
తవ్విన రేగడి బేస్‌మెంట్ల పోసుడు నేను చేసిన తప్పు, మాది సిరొంచ. రెండు వేల రూపాయల కిరాయి మిగిలిందని మురిసిన. ఇప్పుడు ప్రతి శ్రావణంల బాత్రూం తలుపు పట్టుకుంటది, రందా పట్టి చెక్కిపిస్త, ఎండాకాలం వచ్చేసరికి అదే సందుల నుంచి బల్లులు వస్తయి. హాల్ నడుమ నాలుగు టైల్స్ బొర్ర తేలినయి. మొరమే పోయించు, అరఫీటు అరఫీటు వరుసలు, నీళ్లు కొట్టి దిమ్మిస బాగ వేయించు.

బాసర అవతలోడు:
అప్డేట్. కిరోసిన్ దొరకనీకే రెండు దినాలు పట్టింది. జాడీలు మా మరదలు కాలేజీ ల్యాబ్ నుంచి తెచ్చింది. కిరోసిన్ల మట్టి 10 గీత కాడ ఆగింది, నీళ్లల్లది 16. జేసీబీతోని రెండు మూలల గుంత తీయించిన, ఒకతాన 7 ఫీట్లకు పచ్చటి మొరం, ఇంకోతాన 8న్నర. మేస్త్రికి చెప్తే "నీళ్లల్ల మట్టి కలుపుడు ఎందుకు, నన్నడిగితే చెప్పకపోదునా" అని నవ్విండు. ఇప్పుడు అన్ని ఫుటింగులు 8న్నరకు దింపాల్నా, ఏడకాడ మొరం ఉంటే ఆడ ఆపొచ్చా?

సైట్ల మీద తిరిగినోడు:
మామూలుగైతే ఏడకాడ మొరం ఉంటే ఆడ ఒక అరఫీటు లోపలికి పోయి ఆపుతరు. కానీ పక్కపక్క ఫుటింగులకు ఫీటున్నర తేడా అంటే వాటి నడుమ దూరం ఎంత, బరువు ఎంత అని లెక్క చూడాలె, నేను మీ గుంత చూడలే. నాందేడ్ నుంచి ఒక స్ట్రక్చరల్ ఇంజినీర్‌ను పిలిచి రెండు గుంతలల్ల దింపు, మేస్త్రిని కూడ పక్కన ఉంచు. వాన పడకముందే పిలువు, గుంతల నీళ్లు నిలిస్తే మళ్ల జేసీబీ కిరాయే.