హిమాలయన్ సీటు దించాలా, కాళ్లకే అలవాటు చేయాలా?

నాగావళి గట్టు (ఆమదాలవలస)

అందరికీ నమస్కారం. నా ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం. అన్నయ్య ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్తూ తన రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 బైకు నాకు వదిలి వెళ్లాడు. సీటు ఎత్తు 800 మిల్లీమీటర్లు, బండి బరువు 199 కిలోలు. ఎక్కి కూర్చుంటే రెండు కాళ్లవీ మునివేళ్లే తగులుతాయి. నడుస్తున్నంతసేపూ ఏ బాధా లేదు. ఆగాలంటేనే టెన్షన్.

పోయిన వారం డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర ముందున్న ఆటో ఉన్నట్టుండి ఆగింది. ఎడమ కాలు దించాను. అక్కడ తారు అంచు అయిపోయి నేల నాలుగు వేళ్లు కిందికి ఉంది. ఆవు పడుకున్నట్టు బండి మెల్లగా పక్కకి ఒరిగిపోయింది, పట్టుకోలేకపోయాను. నాకు దెబ్బ తగల్లేదు, క్లచ్ లివర్ వంగింది. లేపడానికి వచ్చినవాళ్లలో ఒకాయన "ఏటమ్మా, స్కూటీ దొరకలేదేటి?" అన్నాడు. దెబ్బ తగిలింది అక్కడే.

మా ఊళ్లో ఒక మెకానిక్ వెనక సస్పెన్షన్ లింకులు మార్చి రెండంగుళాలు దించేస్తానంటున్నాడు. చేయించుకోనా?

గంటస్తంభం (విజయనగరం)

వద్దు చెల్లెమ్మా. నేనూ పొడుగువాణ్ణి కాను, ఐదడుగుల మూడు. ఇదే బండి మీద ఎస్.కోట నుంచి అరకు ఎన్నిసార్లు ఎక్కి దిగానో లెక్క లేదు. రెండు పాదాలూ నేలకి ఆనాలన్నది మనం స్కూటర్ల మీద పెంచుకున్న అలవాటు. ఆగే ముందు నడుము కాస్త ఎడమకి జరిపితే ఎడమ పాదం మొత్తం ఆనుతుంది. కుడికాలు వెనక బ్రేకు మీదే ఉంటుంది. ఒక ఆదివారం పొద్దున్న ఏదైనా కాలేజీ గ్రౌండులో వంద సార్లు ఆగి, వంద సార్లు కదులు. సీటు దానంతటదే దిగుతుంది!

నాగావళి గట్టు

అన్నయ్యా, మీరన్నట్టే ఎడమ కాలు దించితేనే పడ్డాను. మన రోడ్లు మధ్యలో ఎత్తుగా, అంచులకి వాలుగా ఉంటాయి కదా. మనం వెళ్లేది ఎడమ పక్కన. అంటే నేల ఎప్పుడూ ఎడమవైపే ఇంకాస్త లోతు. మీ మూడంగుళాలకీ నా ఒక అంగుళానికీ తేడా సరిగ్గా అక్కడే తెలుస్తుంది.

గంటస్తంభం

వాలు మాట నిజమే. అలాంటి చోట ముందు బ్రేకు పట్టుకుని కుడికాలు దించాలి. ఆగే చోటు కళ్లతో ముందే చూసుకోవాలి. కంపెనీ ఇంజనీర్లు లెక్క కట్టి ఇచ్చిన బండిని మాత్రం కెలకొద్దు.

బొబ్బిలి వీణ (బొబ్బిలి)

గంటస్తంభం గారూ, ఆటోవాడు ఆపే చోటు ముందే ఎలా చూసుకోమంటారు? అరసవల్లి రథసప్తమి రోజున, విజయనగరం సిరిమాను జాతర రోజున ఆ జనంలో అడుగుకోసారి ఆగుతూ కదులుతూ వెళ్లి చూడండి.

అక్కా, నేను నిండా ఐదడుగులు. ఒక విషయం గమనించావా? స్ప్లెండర్ సీటు ఎత్తు 785. నీ బండికీ దానికీ తేడా ఒకటిన్నర సెంటీమీటరే. అయినా దాని మీద మనకి భయం వేయదు. ఎందుకంటే స్ప్లెండర్ 112 కిలోలు, పైగా సీటు ముందు భాగం సన్నం. వెడల్పు సీటు మీద తొడలు పక్కకి తెరుచుకుంటాయి, ఆ మేరకు కాలు పొట్టిదవుతుంది. అందుకని ముందు చూడాల్సింది సీటు భుజాలు, అంటే ముందు భాగంలో రెండు పక్కల అంచులు.

నేను విజయనగరంలో సీట్లు కుట్టే ఒకాయన దగ్గరికి వెళ్లాను. ముందు నన్ను బండి మీద కూర్చోబెట్టి, తొడలు ఒరుసుకునే చోట రెండు పక్కలా చాక్‌పీసుతో గీత గీశాడు. రెక్సిన్ ఊడదీసి, హాక్సా బ్లేడుతో ఫోమ్‌ని కొబ్బరి చెక్క తీసినట్టు పొరలుగా కోశాడు. ప్రతి పొరకీ మళ్లీ కూర్చోమన్నాడు. మధ్యలో అరచేత్తో నొక్కి "ఇంక చాలమ్మా, ఇంకా తీస్తే ప్లాస్టిక్ మీద కూర్చున్నట్టే" అని ఆపేశాడు. కూర్చునే చోట గట్టి రీబాండ్ ఫోమ్ పలచటి ముక్క వేశాడు. మెత్తటిది తీసి గట్టిది పలచగా వేస్తే నడుముకి హాయి. ఎనిమిది వందలు తీసుకున్నాడు. దిగింది అంగుళానికి కాస్త ఎక్కువ, భుజాలు తగ్గడం వల్ల అంతకి రెట్టింపు దిగినట్టు అనిపిస్తుంది.

ఒక తప్పు చేశాను. కుట్లకి లోపల ప్లాస్టిక్ షీటు వేయించలేదు. మొదటి వానకే ఫోమ్ నీళ్లు తాగి, రెండు రోజులు చీర తడిపి కూర్చున్నాను.

సాలూరు ఘాట్ (సాలూరు)

చిన్నప్పటి నుంచి లారీ షెడ్లలో పెరిగినవాణ్ణి, ఇప్పుడు బైకుల పని చేస్తాను. లింకుల గురించి నాకు తెలిసింది చెప్తా.

వెనక షాక్‌కీ చక్రాన్ని పట్టుకునే చేతికీ (స్వింగ్‌ఆర్మ్) మధ్య ఉండే లింకు ప్లేట్లు పొడవువి వేస్తే బండి వెనక దిగుతుంది, అది నిజమే. కానీ షాక్ నొక్కుకునే దూరం మారదు. అంటే పెద్ద గోతిలో పడ్డప్పుడు చక్రం ఇదివరకటి కంటే రెండంగుళాలు పైకి వెళ్తుంది. అక్కడ ఉన్నది మడ్‌గార్డు. నా దగ్గరికి వచ్చిన ఒక బండికి టైరు ఒరుసుకుని మడ్‌గార్డు లోపల గాడి పడిపోయింది.

వెనక మాత్రమే దించితే ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు ఇంకా వాలుతుంది. నెమ్మదిగా తిప్పేటప్పుడు హ్యాండిల్ బరువెక్కుతుంది, మలుపులో బండి బయటికి పోతుంది. హెడ్‌లైటు ఎదుటివాడి కళ్లలోకి లేస్తుంది. అన్నిటికంటే సైడు స్టాండు. బండి దిగి స్టాండు అలాగే ఉంటే బండి నిటారుగా నిలబడుతుంది. గాలి వేసినా కుడివైపు పడుతుంది. కూర్చుని పడేసే బదులు, నిలబెట్టి పడేస్తావు.

పైసా ఖర్చు లేని పని ముందు చెయ్యి. వెనక షాక్ ప్రీలోడ్ కాలర్ (స్ప్రింగ్‌ని ముందే కాస్త నొక్కి ఉంచే రింగు) వదులు చేయించు. మీ అన్నయ్య బరువెంతో తెలీదు గానీ, అతనికి సరిపెట్టిన స్ప్రింగ్ నీ బరువుకి నొక్కుకోదు. మనిషి కూర్చుంటే సస్పెన్షన్ మొత్తం ప్రయాణంలో మూడో వంతు దాకా దిగాలి. దీనికి వెనక 180 మిల్లీమీటర్ల ట్రావెల్ ఉంది, అంటే నువ్వు కూర్చున్నాక 60 దిగాలి. టేపు పెట్టి కొలిపించు.

పలాస జీడిపప్పు

సాలూరు అన్న భయపెట్టేస్తున్నాడు. నా బండికి లింకులు వేయించి రెండేళ్లయింది. ముందు ఫోర్కు గొట్టాలు కూడా క్లాంపులో అంతే పైకి జరిపించాను. సైడు స్టాండు కోసి వెల్డింగ్ చేయించాను. కాశీబుగ్గ నుంచి భువనేశ్వర్ దాకా వెళ్లొచ్చాను, ఏమీ కాలేదు.

సాలూరు ఘాట్

ముందు కూడా దించావు, స్టాండు కోయించావు, కాబట్టే ఏమీ కాలేదు తమ్ముడూ. ఆమెతో ఆ మెకానిక్ ఈ రెండిట్లో ఒక్కటైనా చెప్పాడా? వెనక లింకులు మాత్రమే అన్నాడు. అడగాల్సింది అది. ఇంతకీ స్పీడ్ బ్రేకర్ల మీద నీ మెయిన్ స్టాండు సంగతేంటి?

పలాస జీడిపప్పు

తగులుతుంది. ఒప్పుకుంటా. టెక్కలి లోపల రెండు చోట్ల దిగి తోసుకుంటా 😄

ఆర్‌సీ బుక్ (శ్రీకాకుళం)

చట్టం సంగతి కూడా చూడండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకి తేడాగా మారేలా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణలో అనుమతి లేని ఒక్కో మార్పుకి ఐదు వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పెట్టారు. సీటు ఎత్తు ఆర్‌సీలో ఉండదు, కాబట్టి ఫోమ్ కోయించడం దీని కిందికి రాదనే నా అభిప్రాయం. లేత్‌లో చేయించిన లింకుల విషయంలో మాత్రం నాకంత ధైర్యం లేదు. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ సర్వేయరు ముందు బండి కిందికే తొంగి చూస్తాడు.

గంటస్తంభం

ఇంత తంటా ఎందుకు? ఇది అమ్మేసి మీటియర్ 350 తీసుకుంటే సీటు 765. కోయక్కర్లేదు, గీయక్కర్లేదు.

నాగావళి గట్టు

అమ్మడానికి బండి నాది కాదు అన్నయ్యా. పైగా వారానికి రెండుసార్లు పాలకొండ వైపు ఊళ్లలోకి మట్టిరోడ్ల మీద వెళ్తాను. అక్కడ ఈ బండి కింద ఉన్న 220 మిల్లీమీటర్ల ఖాళీయే నన్ను కాపాడుతోంది. లింకులు వేస్తే పోయేది అదే కదా. అందుకని అవి వద్దనుకున్నాను. మెకానిక్‌ని స్టాండు గురించి, ముందు ఫోర్కు గురించి అడిగాను. "అవన్నీ తర్వాత చూద్దాం" అన్నాడు.

నాగావళి గట్టు (పన్నెండు రోజుల తర్వాత)

ప్రీలోడ్ వదులు చేయించాను. ఇదివరకు నేను కూర్చుంటే 35 మిల్లీమీటర్లు దిగేది, ఇప్పుడు 52. తర్వాత సీటు. వీణ చెప్పినట్టు భుజాలు తీయించి, లోపల షీటు వేయించాను. ఇప్పుడు రెండు పాదాలూ సగం దాకా ఆనుతున్నాయి, మడమలు మాత్రం లేస్తున్నాయి. ఒక కాలు అయితే పూర్తిగా ఆనుతుంది.

గంటస్తంభం గారి మాటా విన్నాను. రెండు ఆదివారాలు గ్రౌండులో ఆగడం నేర్చుకున్నాను, ఎడమ కాలితో, కుడికాలితో. వంద సార్లు కాలేదు, నలభై దాటాక మోకాలు వద్దంది. నిన్న అదే జంక్షన్లో మళ్లీ ఆగాల్సి వచ్చింది. కుడికాలు దించాను, నిలబడింది.

గంటస్తంభం

చూశావా! సీటు కోయకుండానే నిలబడేది.

బొబ్బిలి వీణ

మీరు ఒప్పుకోరు గానీ, వదిలేయండి.

నాగావళి గట్టు

పండక్కి అన్నయ్య వచ్చాడు. బండెక్కి రెండు నిమిషాలు తిప్పి, మోకాళ్లు ముడుచుకుపోతున్నాయని, నా బండిని పిల్లల సైకిల్ చేశావని గొణిగాడు. పాత ఫోమ్ ముక్కలు సంచిలో కట్టి అటక మీద పెట్టాను, కావాలంటే అతికించుకోమన్నాను. నిచ్చెన ఎక్కే ఓపిక లేదట, ఉండనీ అన్నాడు.