"సమాచారం" అనాలా, "అట" అనాలా? గ్రాఫిక్స్ చిప్‌ల పుకార్లను తెలుగులో రాయడం

ప్రశ్న అడిగిన విలేకరి:

సభ్యులందరికీ నమస్కారం. నేను హైదరాబాద్‌లో సాంకేతిక వార్తలు రాస్తుంటాను. ఈ వారం నా బల్ల మీదికి వచ్చిన వాక్యం ఇది: "ఎన్విడియా తర్వాతి తరం గేమింగ్ చిప్‌ను టీఎస్ఎంసీ 3 నానోమీటర్ల ప్రాసెస్‌పై తయారు చేయనుందని, కార్డులో మెమరీ పెరగనుందని, విద్యుత్ వినియోగం కూడా బాగా ఎక్కువ కానుందని సమాచారం." (ఎన్విడియా గ్రాఫిక్స్ చిప్‌లను రూపొందించే కంపెనీ, టీఎస్ఎంసీ వాటిని తయారు చేసిచ్చే తైవాన్ సంస్థ, ప్రాసెస్ అంటే తయారీ పద్ధతి.) దీని వెనుక కంపెనీ ప్రకటన ఏదీ లేదు, ఒక అజ్ఞాత ఖాతా పెట్టిన రెండు పంక్తులు తప్ప. అలాంటిదాన్ని "సమాచారం" అని ముగించడానికి మనసొప్పడం లేదు. "వదంతి" అంటే మంత్రివర్గ విస్తరణ వార్తలాగా, "పుకారు" అంటే ఎవరో కావాలని పుట్టించిన అబద్ధంలాగా ధ్వనిస్తోంది. "లీకు" అనవచ్చా?

తెలుగు అధ్యాపకురాలు:

మాటల పుట్టుకను బట్టి చూస్తే వీటిలో దేనికీ దోషం లేదండీ. "వదంతి" సంస్కృతంలో ఒక క్రియారూపం; "అంటున్నారు" అనే దాని అర్థం. "పుకారు" హిందుస్తానీ నుంచి వచ్చింది, అక్కడ దానికి పిలుపు, కేక అని అర్థం. మన నగరంలో ఉర్దూ మాట్లాడేవారు పుకారును "అఫ్వా" అంటారు. అరబీలో అది "నోళ్లు" అనే బహువచనం, మనం "నలుగురి నోళ్లలో నానుతోంది" అన్నట్టే. కానీ వాడుకలో "పుకారు"కు అబద్ధపు వాసన అంటుకున్న మాట నిజం. "లీకు" మాత్రం ఇక్కడ కుదరదు. లోపల నిజంగా ఉన్నదే లీకవుతుంది. 2022 ఫిబ్రవరిలో ఎన్విడియా సర్వర్లలోకి చొరబడినవారు దొంగిలించి బయటపెట్టినది లీకు. మీ చేతిలో ఉన్నది అలాంటిదని ఎవరు నిర్ధారించారు?

చిప్ పరీక్షల ఇంజినీరు:

మేడమ్ చెప్పినదానికి ఒకటి చేర్చాలి. నేను పనిచేసే చోటి విషయాలు ఇక్కడ రాయను, అందరికీ తెలిసినవే చెబుతాను. చిప్ గురించి బయటికి పొక్కే సంగతులన్నీ ఒకే గట్టిదనం ఉన్నవి కావు. డిజైన్ పూర్తయ్యాక మాస్కుల (చిప్‌పై ముద్రించే అచ్చుల) తయారీకి ఫౌండ్రీకి, అంటే చిప్‌లు తయారు చేసే కర్మాగారానికి, పంపడాన్ని టేపవుట్ అంటాం. ప్రాసెస్ ఏదో, చిప్ వైశాల్యం ఎంతో, మెమరీ బస్ (చిప్‌కూ మెమరీకీ మధ్య డేటా దారి) ఎన్ని బిట్లదో అప్పటికే ఖాయమై ఉంటాయి, ఎందుకంటే ఫౌండ్రీ మార్చాలంటే డిజైన్‌లో చాలా భాగాన్ని మళ్లీ చేయాల్సి వస్తుంది. క్లాక్ వేగం, వాట్లు, ధర మాత్రం తయారైన చిప్ చేతికి వచ్చి పరీక్షలు జరిగాక, ఒక్కోసారి విడుదల దగ్గరపడ్డాక గానీ తేలవు. ఎన్విడియా గేమింగ్ కార్డు ఆర్‌టీఎక్స్ 4090, 600 వాట్లు తాగుతుందని 2022లో గట్టిగా ప్రచారం జరిగింది, వచ్చింది 450 వాట్లతో. దాని తర్వాతి తరం ఆర్‌టీఎక్స్ 5090కి 512 బిట్ల బస్, 32 గిగాబైట్ల మెమరీ అన్న మాట 2024లోనే బయటికి వచ్చింది, 2025 జనవరిలో కంపెనీ అదే ప్రకటించింది.

ప్రాసెస్ విషయంలోనూ మాట సగమే నిజం కావచ్చు. ఎన్విడియా శాంసంగ్ 7 నానోమీటర్ల ప్రాసెస్‌కు వెళ్తోందని 2019లో రాశారు. 2020లో గేమింగ్ కార్డులు శాంసంగ్ దగ్గరే తయారయ్యాయి గానీ 8 నానోమీటర్ల మీద, డేటా సెంటర్ల ఏ100 చిప్ టీఎస్ఎంసీ 7 నానోమీటర్ల మీద. ఫౌండ్రీ పేరు నిలిచింది, అంకె నిలవలేదు.

హైదరాబాద్‌కు ఈ పుకార్లలో పాత పరిచయమే ఉంది. దాదాపు పదేళ్ల కిందట, కెనడా నుంచి ఇక్కడి ఎయిర్ కార్గోకు ఎన్విడియా పోటీదారు ఏఎండీ పరీక్షల కోసం తెప్పించిన గ్రాఫిక్స్ బోర్డుల వివరాలు బహిరంగ దిగుమతి రికార్డుల్లో కనిపించేవి. ప్రపంచం నలుమూలలా ఉన్న ఔత్సాహికులు అందులోని సంకేత నామాలను, రూపాయల్లో వేసిన విలువను పట్టుకుని, రాబోయే కార్డు ఏ స్థాయిదో లెక్కలు కట్టేవారు. అక్కడ రికార్డు చెప్పేది "బోర్డు వచ్చింది" అన్నంతే. "అది ఖరీదైన కార్డు కావచ్చు" అన్నది ఊహ. ఆ ఊహను మూడోవాడు విని రాస్తే "ఖరీదైన కార్డట". ఈ మూడింటికీ తెలుగులో మూడు క్రియలున్నాయి, పత్రికలు మాత్రం మూడింటినీ కలిపి "సమాచారం" అనేస్తున్నాయి.

విలేకరి:

వాదన బాగుంది సార్. కానీ "అట" రాస్తే పాఠకుడికి వెటకారంగా వినిపించదా? పైగా అది మాటల్లో వాడేది, వార్తలో చెల్లుతుందా?

అధ్యాపకురాలు:

వెటకారం "అట"లో లేదండీ, దాన్ని సాగదీసే గొంతులో ఉంది. పోతన తన కావ్యారంభంలో "పలికెడిది భాగవతమఁట, పలికించెడివాఁడు రామభద్రుండఁట" అన్నాడు. ఆ "అట"లో అపనమ్మకం ఏ కోశానా లేదు. ఈ మాట నాది కాదు, నాకు చేరినది అని చెప్పే వినయం అది. చెప్పేవాడు స్వయంగా చూడలేదని క్రియకే ముద్ర వేయగలగడం చాలా భాషలకు లేని సౌకర్యం. తెలంగాణలో "వస్తదంట" అంటాం. సికింద్రాబాద్ సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్)లో కంప్యూటర్ దుకాణాల వాళ్లు దక్కనీ ఉర్దూలో "నయా కార్డ్ ఆరా కతే" అంటారు. ఆ "కతే" అన్నది "కహతే" రూపమే. ద్రావిడ భాషల ప్రభావం వల్ల అది మన "అంట" చేసే పనే చేస్తోంది. నగరంలో రెండు భాషలవాళ్లూ వాడే పద్ధతిని వార్తాభాష ఎందుకు తక్కువగా చూడాలో నాకు అర్థం కాదు.

మరో సభ్యుడు, వార్తాసంస్థలో కాపీ ఎడిటర్:

ప్రతి ఉపవాక్యానికీ "అట" తగిలిస్తే చదవడం నరకం. శీర్షికలో "వినికిడి" చాలు, అది "అట" చేసే పనే చేస్తుంది, చోటు కూడా తక్కువ తీసుకుంటుంది.

ఇంజినీరు:

శీర్షికకు సరే. లోపలి వాక్యంలో మాత్రం "3 నానోమీటర్లు" అన్నదాన్ని కూడా సరిచూడాలి. అది చిప్‌లో ఏ భాగపు కొలతా కాదు, ఒక తరానికి పెట్టుకున్న పేరు. టీఎస్ఎంసీ 5 నానోమీటర్ల తరగతిలో ట్రాన్సిస్టర్ గేట్ల మధ్య దూరమే సుమారు 50 నానోమీటర్లు. ఆర్‌టీఎక్స్ 40, 50 సిరీస్‌ల కార్డులకు వాడిన 4ఎన్ ప్రాసెస్ కూడా ఆ 5 నానోమీటర్ల కుటుంబానికి ఎన్విడియా కోసం సవరించిన రూపమే. "3 నానోమీటర్ల మందం గల చిప్" అని ఒక చోట చదివి తల పట్టుకున్నాను. అందుకే "3 నానోమీటర్ల తరగతి" అని రాయండి.

ఇక ఈ పుకారుకు తర్కం లేకపోలేదు. రెండు తరాలు ఒకే ప్రాసెస్ మీద ఉండటంతో 4090 చిప్ 608 చదరపు మిల్లీమీటర్లుంటే 5090 చిప్ 750కి పెరిగింది; లితోగ్రఫీ యంత్రం ఒక్క విడతలో ముద్రించగలిగే గరిష్ఠ వైశాల్యం 858. ఇంకా పెంచడానికి మిగిలింది తక్కువ, కాబట్టి ప్రాసెస్ మార్చడమే మార్గమని ఎవరైనా ఊహించవచ్చు. మెమరీ కూడా అంతే. 3 గిగాబైట్ల జీడీడీఆర్7 రకం మెమరీ చిప్‌లు ఇప్పటికే ల్యాప్‌టాప్ 5090లో వాడుతున్నారు, అది ఊహకు ఆధారం. వాట్ల మాటకు మాత్రం ఏ ఆధారమూ లేదు.

(ప్రకటనలూ శిలాక్షరాలు కావని గుర్తుంచుకోండి. 2022 సెప్టెంబరులో ఎన్విడియా స్వయంగా ప్రకటించిన 12 గిగాబైట్ల ఆర్‌టీఎక్స్ 4080 కార్డును అమ్మకానికి రాకముందే అక్టోబరులో వెనక్కి తీసుకుంది. దానికి ఏ క్రియ వాడాలో మేడమ్ చెప్పాలి.)

విలేకరి:

అయితే ఇలా మారుస్తాను: "ఎన్విడియా తర్వాతి తరం గేమింగ్ చిప్ టీఎస్ఎంసీ 3 నానోమీటర్ల తరగతి ప్రాసెస్‌పై తయారవుతుందట. 3 గిగాబైట్ల మెమరీ చిప్‌లు ఇప్పటికే వాడుకలో ఉన్నందున కార్డులో మెమరీ పెరగవచ్చు. విద్యుత్ వినియోగంపై వినవస్తున్న అంకెలకు ఆధారం కనిపించలేదు."

అధ్యాపకురాలు:

బాగుంది. ఒక్క సూచన. మీకు మూలం తెలుసు కనుక మొదటి వాక్యాన్ని "తయారవుతుందని ఒక అజ్ఞాత ఖాతా రాసింది" అని ముగించండి. ఎవరన్నారో చెప్పిన చోట "అట" అక్కర్లేదు, రెండూ పెడితే పునరుక్తి అవుతుంది. మూలం చెప్పలేని వార్తలకు దాన్ని దాచుకోండి.