జీమ్యాట్ లెక్కల్లో ఆప్షన్లు పెట్టి చూడటం తప్పా?

మొదటిప్రయత్నం:
ఆరు వారాల్లో జీమ్యాట్ (ఎంబీఏ ప్రవేశ పరీక్ష) రాస్తున్నాను. నిన్న మాక్ టెస్టులో ఈ లెక్క వచ్చింది. ట్యాంకు నింపడానికి పెద్ద పంపు కంటే చిన్న పంపుకు 5 గంటలు ఎక్కువ పడుతుంది. రెండూ కలిసి పనిచేస్తే 6 గంటల్లో నిండుతుంది. పెద్ద పంపు ఒక్కటే అయితే ఎన్ని గంటలు? ఆప్షన్లు 8, 10, 12, 15, 18. నేను సమీకరణం రాశాను, మధ్యలో ఒక గుర్తు తప్పింది, మళ్లీ మొదటి నుంచి చేసేసరికి నాలుగు నిమిషాలు పోయాయి. నా స్నేహితుడు ఆప్షన్లు పెట్టి చూసి నిమిషంలో తేల్చేశాడు. నేనూ అలా అలవాటు చేసుకోవచ్చా? తర్వాత ఎక్కడైనా దెబ్బ తింటానా?

సూత్రధారి:
అలవాటు చేసుకోవద్దు. పెద్ద పంపుకు ఎక్స్ గంటలు అనుకోండి. 1/ఎక్స్ + 1/(ఎక్స్ + 5) = 1/6. సర్దితే ఎక్స్ వర్గం − 7ఎక్స్ − 30 = 0. కారణాంకాలు (ఎక్స్ − 10), (ఎక్స్ + 3). గంటలు మైనస్‌లో ఉండవు కాబట్టి 10. మొత్తం నాలుగు వరుసలు. దీనికి నాలుగు నిమిషాలు పట్టిందంటే సాధన చాలలేదని అర్థం, పద్ధతిని అనకండి. ఇవాళ ఆప్షన్లతో గట్టెక్కితే ఆ లోపం అలాగే ఉండిపోతుంది.

పదేళ్లతర్వాత:
నేను ఒప్పుకోను. 12 తీసుకోండి. 12 గంటల పంపులు రెండు ఉంటే 6 గంటల్లో నిండుతుంది. ఇక్కడ రెండోది అంతకంటే నెమ్మది. అంటే పెద్దది 12 కంటే తక్కువలో నింపాలి. 12, 15, 18 పోయాయి, ఇంకా పెన్ను కూడా తీయలేదు. మిగిలింది 8, 10. 1/10 + 1/15 = 5/30 = 1/6. అయిపోయింది. క్వాంట్‌లో, అంటే లెక్కల విభాగంలో, 21 ప్రశ్నలు, 45 నిమిషాలు, కాలిక్యులేటర్ ఇవ్వరు. ప్రశ్నకు రెండు నిమిషాల పది సెకన్లు కూడా రావు. అక్కడ మీ నాలుగు వరుసలు ఎవరూ దిద్దరు.

గడియారం:
ఆ 15 ఊరికే పెట్టలేదు, అది చిన్న పంపు జవాబు. సమీకరణం సరిగ్గా చేసి కూడా చివర్లో తొందరపడి దాన్ని నొక్కేవాళ్లు ఉంటారు.

సూత్రధారి:
పదేళ్లతర్వాత గారూ, 12ను మీరు కొట్టేసింది ఆలోచించి. దాన్ని ఆప్షన్లు పెట్టి చూడటం అనరు. ఆ ఆలోచన లేనివాళ్లు ఐదింటినీ వరుసగా పెట్టుకుంటూ పోతారు. పైగా అన్ని ప్రశ్నలూ ఇలా లొంగవు. ఎక్స్ వర్గం ఎక్స్ కంటే పెద్దది అని ఇచ్చి, ఏది తప్పక నిజం అని అడిగారనుకోండి. ఎక్స్ 1 కంటే పెద్దది, ఎక్స్ వర్గం 1 కంటే పెద్దది, 1/ఎక్స్ 1 కంటే చిన్నది. 2 పెట్టండి, మూడూ నిజమే. 3 పెట్టండి, మూడూ నిజమే. ఇప్పుడేం చేస్తారు?

పదేళ్లతర్వాత:
−1/2 పెడతాను. వర్గం 1/4, అది −1/2 కంటే పెద్దదే, షరతు సరిపోయింది. మొదటి రెండూ తప్పు అని తేలిపోయింది. 1/ఎక్స్ విలువ −2, అది నిలబడింది. అంకెలు పెట్టి చూడటం అంటే 2, 3 పెట్టి ఊరుకోవడం కాదండీ. రుణసంఖ్య, సున్నా, 1, భిన్నం, అన్నీ చూడాలి. దానికీ సాధన కావాలి.

సూత్రధారి:
నిలబడింది అంటున్నారు. ఒక్క అంకెకు నిలబడితే రుజువైనట్టా? మీరు పెట్టని అంకె దగ్గర పడిపోతే?

పదేళ్లతర్వాత:
మూడింట్లో రెండు పడిపోయాక మిగిలింది ఒక్కటే. రుజువు ఎవరడిగారు?

రాత్రిపూట:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు, జీమ్యాట్‌కి జ్యామితి చదవాలా?

గడియారం:
అక్కర్లేదు. 2023 నవంబరులో వచ్చిన కొత్త జీమ్యాట్‌లో క్వాంట్ నుంచి తీసేశారు. పీజీ కోర్సుల ప్రవేశ పరీక్ష జీఆర్ఈకి మాత్రం చదవాలి.

సూత్రధారి:
జీఆర్ఈ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. అందులో జవాబు మనమే టైపు చేయాల్సిన ప్రశ్నలుంటాయి, ఆప్షన్లే ఉండవు. అక్కడ ఏం పెట్టి చూస్తారు?

పదేళ్లతర్వాత:
అడిగినాయన రాసేది జీమ్యాట్.

సూత్రధారి:
మాట దాటేస్తున్నారు. నేను జీఆర్ఈ మూడుసార్లు రాశాను. మొదటి రెండుసార్లూ చిట్కాలతోనే వెళ్లాను, నాకు నేర్పినవాళ్లు అవే నేర్పారు. మొదటి క్వాంట్ సెక్షన్ హాయిగా గడిచేది. అది బాగా చేస్తే రెండోది కష్టంగా వస్తుంది కదా, అక్కడ చేతులెత్తేసేవాణ్ని. రెండుసార్లూ 158. మూడోసారికి బడి పుస్తకం తీసి వర్గ సమీకరణాల దగ్గర్నుంచి మొదలుపెట్టాను. రెండేళ్లు పోయాయి నాకు. ఇంకొకరు అలా పోగొట్టుకుంటుంటే చూస్తూ ఊరుకోలేను.

పదేళ్లతర్వాత:
మీ రెండేళ్లు పోయినందుకు నిజంగా బాధగా ఉంది. నాదీ వినండి. డిగ్రీ అయ్యాక పదేళ్లు నేను లెక్క ముట్టుకోలేదు. ఉద్యోగం, పిల్లలు. కోచింగులో మొదటి వారం ఒక లెక్కకు ఆప్షన్లు పెట్టి చూసి జవాబు చెప్పాను. జవాబు సరైనదే. అయినా ఆ మాస్టారు అందరి ముందూ "ఇలా చేసేవాళ్లు బిజినెస్ స్కూలుకెళ్లి ఏం చేస్తారు" అన్నారు. మర్నాటి నుంచి నేను వెళ్లలేదు. మీరు మొదటి పోస్టులోనే సాధన చాలలేదు అని రాస్తే నాకు ఆ గొంతే వినిపించింది. లెక్క ఒకే దారిలో చేసినవాళ్లకే అర్హత ఉన్నట్టు మాట్లాడకండి.

సూత్రధారి:
అర్హత అనే మాట నేను ఎక్కడా వాడలేదు. పైకి వెళ్లి చదవండి.

పదేళ్లతర్వాత:
వాడలేదు. వాడకుండానే అన్నారు.

గడియారం:
ఇద్దరూ కాస్త శాంతించండి. అడిగినాయనకి ఆరు వారాలే ఉన్నాయి.

సూత్రధారి:
ఒక రోజు ఆగి రాస్తున్నాను. ఆ మాస్టారు అన్నది తప్పు. నా మాట మీకు అలా తగిలితే క్షమించండి. కానీ నేను ఎందుకింత పట్టుబడుతున్నానో నాకే ఇప్పుడు తెలిసింది, దానికి స్కోరుతో పనిలేదు. ఆ సమీకరణంలో −3 వచ్చింది కదా, గంటలు మైనస్‌లో ఉండవని మొదటి పోస్టులో నేనే కొట్టేశాను. నిన్న రాత్రి మళ్లీ చూశాను. ఎక్స్ −3 అయితే ఎక్స్ + 5 అంటే 2. 2 గంటల్లో నింపే పంపు ఒకటి, 3 గంటల్లో ఖాళీ చేసే తూము ఒకటి. రెండూ తెరిచి ఉంచితే ట్యాంకు సరిగ్గా 6 గంటల్లోనే నిండుతుంది. మనం అడగని ఇంకో ట్యాంకు జవాబు కూడా ఆ సమీకరణంలో ఉంది. ఆప్షన్లలో అది ఎప్పటికీ కనపడదు. ఇది ఎవరికీ దక్కకుండా పోతుందేమోనని నా బాధ.

పదేళ్లతర్వాత:
క్షమాపణ అక్కర్లేదండీ. ఆ తూము సంగతి చాలా బాగుంది, మా పాపకి చెప్తాను. కానీ నాకు కావలసింది అడ్మిషన్. పరీక్ష గదిలో ఆ −3 వైపు చూసే తీరిక నాకు లేదు, ఉండాలని మీరు అడగకూడదు. మనిద్దరం మొదటి నుంచీ వేరే వేరే వాటి గురించి మాట్లాడుతున్నాం.

సూత్రధారి:
అది ఒప్పుకుంటాను. ఆరు వారాలు ఉన్న మనిషికి ఏది ముందు అన్నది మాత్రం ఒప్పుకోను.

మొదటిప్రయత్నం:
1/2 − 1/3 = 1/6. వేసి చూశాను, నిజమే. నా తప్పు ఎక్కడుందో కూడా దొరికింది, అడ్డంగా గుణించేటప్పుడు 30 ముందు మైనస్ వదిలేశాను. పొద్దున్న పద్నాలుగు లెక్కలు సమీకరణాలతోనే చేశాను, మూడు తప్పాయి. ఆ మూడూ రాత్రికి ఆప్షన్లతో చేసి చూసి ఇక్కడే పెడతాను.